మార్కుల మీద కోర్టుకు వెళ్లేముందు: విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

టెన్త్, ఇంటర్, డిగ్రీ, బీటెక్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎన్నో ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: ‘ఇన్ని మార్కులే ఎలా వస్తాయి? కోర్టులో వేద్దాం.’ వేయొచ్చు. అయితే కోర్టు ఏ తప్పును సరిదిద్దుతుందో, దేని జోలికి పోదో తెలియకుండా వెళ్తే డబ్బు పోతుంది, అంతకంటే ముఖ్యంగా గడువులు దాటిపోతాయి. ఇక్కడ చెప్పిన ఫీజులు, తేదీలు ఏటా మారొచ్చు కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ ఒకసారి చూసుకోండి.

మార్కులు తక్కువ వేశారని బోర్డు మీద కేసు వేయొచ్చా?

పరీక్ష పెట్టింది ప్రభుత్వ బోర్డో విశ్వవిద్యాలయమో అయితే, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు. కానీ ‘నా జవాబుకు 8కి 5 వేశారు, 7 రావాల్సింది’ అనే కేసు నిలవదు. జవాబు ఎన్ని మార్కులకు తగిందో తేల్చేది పేపరు దిద్దినవాళ్లే. ఆ పని జడ్జిగారు చేయరు. రీవాల్యుయేషన్ (పేపరు మళ్లీ దిద్దడం) ఉండదని బోర్డు నిబంధన పెట్టుకుంటే అది చెల్లుతుందని 1984లోనే మహారాష్ట్ర బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 డిసెంబరులో రణ్‌విజయ్ సింగ్ కేసులో దీన్ని ఇంకా వివరించింది. నిబంధనల్లో రీవాల్యుయేషన్ ఉంటే అడగొచ్చు. ఆ విషయమే రాసి లేకపోతే తప్పు చూడగానే కనబడాలి. వాదించి, ఊహించి రాబట్టాల్సిన తప్పయితే కుదరదు. అదీ అరుదైన సందర్భాల్లోనే. సందేహం మిగిలితే దాని లాభం పరీక్ష పెట్టినవాళ్లకే వెళ్తుంది.

కాబట్టి లాయరు దగ్గరికి వెళ్లకముందే ఒకటి తేల్చుకోవాలి. మీరు చెప్పేది పేపరు దిద్దినవాళ్ల అంచనా మీద అసంతృప్తా, లేక పనిలో జరిగిన పొరపాటా?

పనిలో పొరపాటు అంటే ఎలాంటిది?

రాసిన జవాబు దిద్దకుండా వదిలేయడం. లోపలి పేజీలో వేసిన మార్కులు మొదటి పేజీలోని పట్టికకు ఎక్కకపోవడం. కూడిక తప్పు. పట్టికలో 76 ఉంటే ఓఎంఆర్ షీటులో 67 దిద్దడం. బార్‌కోడ్ తారుమారై ఇంకొకరి పేపరు మీ పేరు మీదకు రావడం. పరీక్ష రాసినా ‘ఆబ్సెంట్’ అని పడటం. కాలేజీ ప్రాక్టికల్ మార్కులు పంపకపోవడం, పంపినా ఫలితంలో కలవకపోవడం.

ఇవి చిన్న విషయాలని ఎవరైనా అంటే 2019 ఏప్రిల్ గుర్తు చేయండి. ఆ ఏడాది తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా చూపించారు. తిరిగి చూస్తే అసలు మార్కులు 99. ఇలాంటివి ఎన్నో బయటపడటంతో ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన వాళ్లందరి పేపర్లకూ ఉచితంగా రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ చేయించింది. ఈలోపే ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మెమో మీద అచ్చయిన అంకె ఎప్పుడూ సరైనదే అయి ఉంటుందని అనుకోవద్దు. పిల్లలనూ అలా అనుకోనివ్వొద్దు.

ఫలితాలు వచ్చిన మొదటి వారంలో ఏం చేయాలి?

బోర్డు ఇచ్చే దారినే ముందు పట్టుకోవాలి. గడువు సాధారణంగా వారం, పది రోజులే. అది వాడుకోకుండా వెళ్తే హైకోర్టులో మొదటి ప్రశ్న ‘రీవెరిఫికేషన్‌కు ఎందుకు పెట్టుకోలేదు?’ అనే వస్తుంది.

ఇటీవలి ఏళ్లలో ఫీజులు ఇలా ఉన్నాయి. తెలంగాణ ఇంటర్‌లో పేపరుకు రీకౌంటింగ్ 100 రూపాయలు, స్కాన్ కాపీతో రీవెరిఫికేషన్ 600. ఆంధ్రప్రదేశ్ ఇంటర్‌లో 260, 1,300. టెన్త్‌కు రెండు రాష్ట్రాల్లోనూ సబ్జెక్టుకు 500, 1,000. టెన్త్ దరఖాస్తు స్కూలు హెడ్‌మాస్టరు ద్వారా వెళ్లాలి కాబట్టి వేసవి సెలవుల్లో ఆయన ఊరెళ్లకముందే పట్టుకోండి. రీవెరిఫికేషన్‌లో కూడిక కూడా చూస్తారు. దానికి పెట్టుకుంటే మళ్లీ రీకౌంటింగ్‌కు విడిగా కట్టనక్కర్లేదు.

సీబీఎస్ఈ 2025లో వరుస మార్చింది. ముందు జవాబుపత్రం ఫోటోకాపీ (12వ తరగతికి 700, పదో తరగతికి 500), అది చూసుకున్నాక మార్కుల వెరిఫికేషన్ (500), కావాలంటే ప్రశ్నకు 100 చొప్పున రీవాల్యుయేషన్. ఇది మంచి మార్పు. పేపరు చూడకుండా గుడ్డిగా డబ్బు కట్టే పని తప్పింది.

రీవెరిఫికేషన్ అంటే మళ్లీ దిద్దడమేనా?

కాదు. చాలామంది మోసపోయామనుకునేది ఇక్కడే. టెన్త్ నిబంధనల ప్రకారం రీవెరిఫికేషన్‌లో జరిగేవి మూడు: మొత్తం మళ్లీ కూడటం, వేసిన మార్కులు సరిగా నమోదయ్యాయో లేదో చూడటం, దిద్దకుండా వదిలేసిన జవాబులుంటే దిద్దడం. ఒకసారి మార్కులు వేసిన జవాబును మళ్లీ తూకం వేయరు. ‘జవాబు బాగా రాశాడు, రెండు మార్కులు కలపండి’ అన్న విన్నపం అక్కడ చెల్లదు. రీవాల్యుయేషన్ అంటే వేరే ఎగ్జామినరు మొత్తం దిద్దడం. డిగ్రీ, బీటెక్ వాళ్లకు చాలా విశ్వవిద్యాలయాల్లో ఇది ఉంది. కొన్నిచోట్ల దానిపైన ఛాలెంజ్ వాల్యుయేషన్ (రీవాల్యుయేషన్ ఫలితాన్నీ సవాలు చేసి దిద్దించుకోవడం) కూడా ఉంది. దాని ఫీజు వేలల్లో ఉంటుంది కాబట్టి రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ అయ్యాకే ఆలోచించండి.

స్కాన్ కాపీ చేతికొచ్చింది. ఎలా చూడాలి?

తీరిగ్గా, ప్రశ్నపత్రం పక్కన పెట్టుకుని చూడండి. ముందు ఇది మీ చేతిరాతేనా, రాసిన పేజీలన్నీ వచ్చాయా చూడండి. టెన్త్ సోషల్‌లో మ్యాపు, లెక్కల్లో గ్రాఫు విడి కాగితాలు. అవి ఉన్నాయో లేదో ప్రత్యేకంగా వెతకండి.

తర్వాత తెల్ల కాగితం మీద నాలుగు గడులు గీయండి: ప్రశ్న నంబరు, జవాబున్న పేజీ, ఆ పేజీలో వేసిన మార్కు, మొదటి పేజీ పట్టికలో ఎక్కిన మార్కు. ఒక్కో జవాబుకూ ఒక్కో వరుస నింపండి. మార్జిన్లో అంకె గానీ, టిక్కు గానీ, కొట్టివేత గానీ లేని జవాబు కనిపిస్తే దాన్ని దిద్దలేదని అర్థం. ముఖ్యంగా పేజీ అడుగున మొదలై తర్వాతి పేజీకి సాగిన జవాబులు, అన్ని ప్రశ్నలూ అయ్యాక చివర్లో గుర్తొచ్చి రాసిన బిట్లు ఇలా జారిపోతాయి. జవాబు మధ్యలో వేరే ప్రశ్న రాసి మళ్లీ వెనక్కి వచ్చినవీ అంతే. ఛాయిస్ ఉన్న సెక్షన్లో అడిగినవాటికంటే ఎక్కువ రాసి ఉంటే వేటిని లెక్కలోకి తీసుకున్నారో చూడండి. చివరికి నాలుగో గడి కూడి, మెమోతో పోల్చండి.

ఈ కాగితమే రేపు మీ కేసుకు ప్రాణం. ‘14వ పేజీ, 17వ ప్రశ్న, దిద్దలేదు’ అని ఒక్క వాక్యంలో చెప్పగలిగితే లాయరుకూ జడ్జికీ కూడా పని తేలికవుతుంది. సబ్జెక్టు టీచరుకు చూపించండి, కానీ ‘ఎన్ని రావాలి’ అని అడగొద్దు, ‘ఏది వదిలేశారు’ అని అడగండి.

మార్కులు తగ్గే ప్రమాదం ఉందా?

కూడికలో ఎక్కువ వేసినట్టు తేలితే తగ్గించవచ్చు. సీబీఎస్ఈ అయితే ఒక్క మార్కు తేడా వచ్చినా, పెరిగినా తగ్గినా, అమలు చేస్తామని ముందే రాస్తుంది. పాస్ మార్కుల అంచున ఉన్నవాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

ఫెయిలయ్యాను. రీవెరిఫికేషన్ ఫలితం వచ్చేదాకా సప్లిమెంటరీ ఫీజు ఆపుకోవచ్చా?

ఆపొద్దు. రెండిటి గడువులూ ఇంచుమించు ఒకేసారి నడుస్తాయి. రీవెరిఫికేషన్ ఫలితం రాకముందే సప్లిమెంటరీ ఫీజు గడువు ముగుస్తుంది. ఫీజు కట్టినంత మాత్రాన మీ అభ్యంతరం వదులుకున్నట్టు కాదు. వదులుకున్నట్టేనని ఎవరైనా చెప్తే నమ్మకండి.

పిల్లలు గదిలోంచి బయటికి రావడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఏం చేయాలి?

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. ఒంటరిగా వదలొద్దు. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పేపరు పని పెద్దవాళ్లు చూసుకుంటారని పిల్లలకు తెలిసేలా, రీవెరిఫికేషన్ దరఖాస్తు వాళ్ల కళ్లముందే పెట్టండి.

సమాచార హక్కు కింద జవాబుపత్రం తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. దిద్దిన జవాబుపత్రం కూడా ‘సమాచారమే’నని, రాసినవాళ్లు దాన్ని చూడొచ్చని, ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చని 2011 ఆగస్టు 9న సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులోనే రెండు పరిమితులూ ఉన్నాయి. పేపరు దిద్దినవాళ్ల పేరు ఇవ్వరు. పేపరు చూసుకునే హక్కే తప్ప, మళ్లీ దిద్దించుకునే హక్కు ఈ చట్టం ఇవ్వదు. బోర్డు జవాబుపత్రాలను దాచే గడువులోపే అడగాలన్నది ఇంకో సంగతి. పేపర్లు తుక్కుకు వెళ్లిపోయాక ఏ తీర్పూ కాపాడలేదు.

సివిల్ సర్వీసెస్ లాంటి ఉద్యోగ పరీక్షల్లో ఇంత సులువు కాదు. 2018లో యూపీఎస్సీ కేసులో సుప్రీంకోర్టు అక్కడ మార్కుల వివరాలు యాంత్రికంగా ఇవ్వమనలేమంది.

ఆ దరఖాస్తు ఎలా రాయాలి?

తెలుగులోనే రాయొచ్చు. బోర్డు పౌర సమాచార అధికారి పేరిట, రాష్ట్ర స్థాయి కార్యాలయానికి 10 రూపాయల ఫీజుతో పంపండి. తెల్లకార్డు ఉన్నవాళ్లు ఆ నకలు జతచేస్తే ఫీజు లేదు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. కారణం చెప్పనక్కర్లేదు. ప్రశ్నలు వేయకండి, పత్రాలు అడగండి. ‘నాకు ఎందుకు తక్కువ వేశారు?’ అంటే జవాబు రాదు. ఇలా రాయండి:

‘హాల్ టికెట్ నంబరు … గల నా … పేపరు దిద్దిన జవాబుపత్రం ధ్రువీకరించిన నకలు, దాని ఓఎంఆర్ మార్కుల భాగం నకలు, ఆ పేపరుకు సంబంధించిన మార్కుల జాబితాలో నా వరుస నకలు, జవాబుపత్రాలను ఎన్నాళ్లు భద్రపరుస్తారో తెలిపే నిబంధన నకలు ఇవ్వగలరు. ఈ దరఖాస్తు, అప్పీళ్లు తేలేవరకు పై జవాబుపత్రాన్ని భద్రపరచగలరు.’

ఆ చివరి వాక్యం మరిచిపోవద్దు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లో అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. కమిషన్ దగ్గర నెలలు పట్టొచ్చు. అందుకే అడ్మిషన్ల హడావిడి ఉన్నవాళ్లు బోర్డు స్కాన్ కాపీని నమ్ముకుని, దీన్ని పక్కన నడిపించుకోవాలి.

తప్పు దొరికింది, బోర్డు ‘నో చేంజ్’ అంది. ఇక హైకోర్టేనా?

ముందు ఒక రాతపూర్వక వినతిపత్రం. బోర్డు కార్యదర్శికి, పరీక్షల విభాగం కంట్రోలరుకు, ఇంటర్ అయితే మీ జిల్లాలో ఇంటర్ విద్య చూసే అధికారికి నకలుతో, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఒక పేజీ చాలు. పేజీ నంబరు, ప్రశ్న నంబరు, ఉన్న మార్కు, జరగాల్సిన పని (దిద్దడం, కూడటం, ఎక్కించడం) రాయండి. అడ్మిషన్ చివరి తేదీ ఉంటే అదీ రాయండి. మాండమస్ అంటే చేయాల్సిన పని చేయమని ఆదేశించడం. చేయమని మీరు అడిగినట్టు రుజువు లేకపోతే ఆ ఆదేశం అడగడం కష్టం. అడ్మిషన్ తేదీ తరుముకొస్తుంటే వారం చూసి ముందుకు వెళ్లొచ్చు.

రిట్ పిటిషన్‌కు ఏమేం కావాలి?

హాల్ టికెట్, మెమో, రీవెరిఫికేషన్ దరఖాస్తు, ఫీజు రసీదు, స్కాన్ కాపీ మొత్తం, మీరు గీసిన పట్టిక, ప్రశ్నపత్రం, వినతిపత్రం, దాని పోస్టల్ రసీదు, అడ్మిషన్ నోటిఫికేషన్. తెలుగులో ఉన్న పత్రాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. తెలుగు పేపరు మీదే వివాదమైతే ఆ జవాబు మేరకైనా అనువాదం చేయించండి. లాయరు అఫిడవిట్ (ప్రమాణపత్రం) తయారు చేస్తారు. పద్దెనిమిది నిండని విద్యార్థి తరఫున తండ్రి గానీ తల్లి గానీ సంరక్షకులుగా సంతకం పెడతారు. అఫిడవిట్‌ను తెలుగులో చదివించుకుని, అందులో ప్రతి వాక్యం నిజమేనని చూసుకున్నాకే సంతకం పెట్టండి.

ప్రతివాదులుగా రాష్ట్ర ప్రభుత్వం, బోర్డు, పరీక్షల కంట్రోలర్, అవసరమైతే కాలేజీ ఉంటాయి. సీటు ఆపమని అడుగుతుంటే సీటిచ్చే విశ్వవిద్యాలయాన్నీ చేర్చాలి. చేర్చనివాళ్ల మీద ఉత్తర్వు రాదు. ఆంధ్రప్రదేశ్ బోర్డు అయితే అమరావతిలోని హైకోర్టు, తెలంగాణ బోర్డు అయితే హైదరాబాద్‌లోని హైకోర్టు. సీబీఎస్ఈ మీద కూడా మీ రాష్ట్ర హైకోర్టులోనే వేయొచ్చు.

ప్రార్థనలో, అంటే పిటిషన్‌లో కోర్టును కోరే భాగంలో, ఏం అడిగారన్నదే కేసును నిలబెడుతుంది. ‘మార్కులు పెంచండి’ అని రాయించొద్దు. ‘17వ ప్రశ్న జవాబును దిద్దించి, వచ్చిన మార్కులు కలిపి సవరించిన మెమో ఇవ్వమని ఆదేశించండి’ అని రాయించండి. దాంతోపాటు అసలు జవాబుపత్రాన్ని కోర్టు ముందు పెట్టమని, కేసు తేలేదాకా దాన్ని ధ్వంసం చేయొద్దని మధ్యంతర అభ్యర్థన కూడా ఉండాలి.

ఖర్చు భరించలేం. ఎలా?

రిట్ కోర్టు ఫీజు స్వల్పం, బరువంతా లాయరు ఫీజుదే. న్యాయ సేవల అధికార చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఆడపిల్ల అయినా, పద్దెనిమిది లోపు పిల్లవాడైనా ఈ లెక్కలోకి వస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా మీ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. వాళ్లు హైకోర్టు న్యాయ సేవల కమిటీకి పంపుతారు. ఈ సదుపాయాన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ.

ఎన్నాళ్లు పడుతుంది? ఈలోపు సీటు పోతే?

చాలా కేసులు మొదటి ఒకటి రెండు వాయిదాల్లోనే ‘వినతిపత్రాన్ని ఇన్ని వారాల్లో పరిశీలించి కారణాలతో ఉత్తర్వు ఇవ్వండి’ అన్న ఆదేశంతో ముగుస్తాయి. ఇది ఓటమి కాదు. ‘నో చేంజ్’ అన్న రెండు ముక్కల స్థానంలో కారణాలతో కూడిన జవాబు రావాల్సిందే. అదీ తప్పయితే మళ్లీ సవాలు చేయొచ్చు. గడువులో చేయకపోతే కోర్టు ధిక్కారం వేయడానికి ఏడాది సమయం ఉంది. సింగిల్ జడ్జి కొట్టేస్తే రిట్ అప్పీలుకు 30 రోజులు.

సీటు సంగతి కష్టమే. తాత్కాలిక అడ్మిషన్ ఇమ్మని అడగొచ్చు గానీ, కోర్టులు తొందరగా ఇవ్వవు. కేసు ఓడితే ఆ సీటుతో పాటు ఏడాదీ పోతుంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల్లాగా టెన్త్ మార్కుల మీదే సీటు వచ్చే చోట ఒక్క మార్కుకూ విలువ ఉంది. అలాంటప్పుడు ఫలితాలు వచ్చిన నెలలోపే కోర్టులో ఉండాలి. ఆర్నెల్ల తర్వాత వస్తే ‘ఇన్నాళ్లు ఏం చేశారు’ అన్న ఒక్క మాటతోనే పిటిషన్ పోవచ్చు.

ఇంకే కారణాలతో కేసులు పోతాయి?

మార్కుల నమూనాగా గైడు పుస్తకంలోని జవాబు పెట్టడం. తోటి విద్యార్థి పేపరుతో పోల్చడం. ఎగ్జామినరు కక్షతో చేశారని ఆధారం లేకుండా రాయడం. అలాంటి ఆరోపణ ఉంటే సంఘటనలు, తేదీలు చెప్పాలి, ఆ వ్యక్తినీ ప్రతివాదిగా చేర్చాలి. అన్నిటికంటే ఘోరం పత్రాలు మార్చడం. 2024 జూన్‌లో నీట్ ఓఎంఆర్ చిరిగిందంటూ వేసిన పిటిషన్‌లో పెట్టిన పత్రాలు నకిలీవని అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచ్ ముందు తేలింది. చర్య తీసుకునే స్వేచ్ఛ నీట్ పెట్టే సంస్థ ఎన్టీఏకు ఉందని కోర్టు చెప్పింది. వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్‌ను కూడా మూలం చూడకుండా జతచేయకండి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా?

బోర్డు మీద కుదరదు. పరీక్ష పెట్టే బోర్డు సేవ అమ్మేది కాదు, విద్యార్థి కొనుగోలుదారూ కాదు అని 2009లో బీహార్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రైవేటు స్కూలు ఇంటర్నల్ మార్కులు కావాలనే తగ్గించింది. ఏం చేయగలం?

ఇది కష్టమైన కేసు. ప్రభుత్వ నిధులు లేని ప్రైవేటు స్కూలు మీద ఆర్టీఐ నేరుగా నడవదు. అయితే స్కూలు నుంచి డీఈవో గానీ బోర్డు గానీ తెప్పించుకోగల పత్రాలను వాళ్లనే అడగొచ్చు. ముందు స్కూలుకు, తర్వాత డీఈవోకు రాయండి. యూనిట్ టెస్టుల పేపర్లు, ప్రాజెక్టు రికార్డులు, ప్రోగ్రెస్ కార్డు దాచుకోండి. బోర్డుకు పంపిన అంకె, స్కూలు రికార్డులోని అంకె వేరువేరని చూపగలిగితే కేసుంది. ఫీజు బాకీ ఉందని మార్కులు తొక్కిపెట్టారని అనుమానమైతే ఫీజు మెసేజీలు కూడా జాగ్రత్త చేయండి.

డిగ్రీ, బీటెక్ వాళ్లకు వేరే వేదిక ఉందా?

ఉంది. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం కాలేజీలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే 15 రోజుల్లో విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారి) అప్పీలు చేయొచ్చు. అక్కడ కూడా ఊరికే ‘మళ్లీ దిద్దండి’ అంటే తీసుకోరు. ఫలితాన్ని మార్చేంత నిర్దిష్టమైన అక్రమమో, వివక్షో చూపాలి. అటానమస్ కాలేజీల్లో దిద్దేదీ సమీక్షించేదీ ఒకే గోడల మధ్య కాబట్టి ఈ మెట్టును రాతపూర్వకంగా వాడుకోవడం మరీ అవసరం.

ఎంట్రన్స్‌లో కీ తప్పు అని నమ్మకం. కోర్టు వింటుందా?

తప్పు నిస్సందేహంగా రుజువైతే వింటుంది. 1983లో కాన్పూర్ విశ్వవిద్యాలయం కేసు నుంచీ ఇదే సూత్రం. ప్రాథమిక కీ వచ్చినప్పుడే అభ్యంతరం పెట్టండి. నీట్, జేఈఈ మెయిన్‌లో ప్రశ్నకు 200 రూపాయలు. ఆధారంగా ప్రామాణిక పాఠ్యపుస్తకం పేజీ జతచేయండి. నీట్ 2024లో ఒక ఫిజిక్స్ ప్రశ్నకు రెండు జవాబులకూ మార్కులిస్తే, సుప్రీంకోర్టు ఢిల్లీ ఐఐటీ నిపుణుల ముగ్గురి బృందాన్ని అడిగింది. ఒక్కటే సరైనదని వాళ్లు చెప్పడంతో 4 లక్షలకు పైగా విద్యార్థుల మార్కులు మారాయి. జడ్జీలు ఫిజిక్స్ తేల్చలేదు, తేల్చగలవాళ్లకు అప్పగించారు.

మార్కులు కాదు, నిబంధనే అన్యాయంగా ఉంటే?

అప్పుడు మీ చేయి పైన ఉంటుంది. కోవిడ్ ఏడాది సీబీఎస్ఈ ఇంప్రూవ్‌మెంట్ పరీక్షలో వచ్చిన మార్కులే, తగ్గినా సరే, చివరివని రాసుకుంది. విద్యార్థులు సవాలు చేస్తే 2022 జనవరి 7న సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది, రెండిటిలో మెరుగైనవి తీసుకోమంది. ఒక్క జవాబు జోలికీ పోలేదు. ఇలాంటి కేసుల్లో పదిమంది కలిసి వెళ్తే ఖర్చు తగ్గుతుంది, బలం పెరుగుతుంది.

మాల్‌ప్రాక్టీస్ అని ఫలితం ఆపేశారు. అదీ ఇంతేనా?

ఇది వేరు. శిక్ష వేసేముందు నోటీసు, ఆధారం, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అవి లేకుండా ఫలితం రద్దు చేస్తే కోర్టులు జోక్యం చేసుకుంటాయి. నోటీసుకు జవాబు ఇవ్వకుండా ఉండొద్దు. హాల్లో భయపెట్టి సంతకం చేయించుకున్నారనుకుంటే ఆ సంగతి వెంటనే, ఆ రోజే రాసి పంపండి.

అమెరికా, బ్రిటన్‌లో చదువుతున్న మన పిల్లలకు?

సూత్రం అక్కడా ఇదే. అమెరికా సుప్రీంకోర్టు 1978లో మిస్సోరీ, 1985లో మిచిగన్ విశ్వవిద్యాలయాల కేసుల్లో చదువు మీద అధ్యాపకుల తీర్పును గౌరవించాలంది. బ్రిటన్‌లోని ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే విశ్వవిద్యాలయం అంతర్గత అప్పీలు ముగించి లేఖ ఇచ్చాక 12 నెలల్లో స్వతంత్ర న్యాయనిర్ణేత కార్యాలయానికి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. కోర్టు కంటే అదే నయం. అమెరికాలో గ్రేడ్ అప్పీలు గడువు విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. కోర్సు సిలబస్‌లోనో విద్యార్థి హ్యాండ్‌బుక్‌లోనో ఉంటుంది. గ్రేడు పడిపోయి వీసా హోదా మీదకు వచ్చేలా ఉంటే, ప్రొఫెసరుతో వాదన కంటే ముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి, అప్పీలు పెండింగులో ఉన్న సంగతి రికార్డులో పెట్టించండి.